వెలుగు, మీట, తెర: చేదర్థకం నేర్చిన యంత్రం కథ



ఏటా బడులు తెరిచే వేళ నా బల్ల ముందుకు ఒక తండ్రి వచ్చి నిలబడతాడు. ముఖాలు మారుతాయి కాని మాట మారదు. "తెలుగు బడిలోనే ఉంటే మావానికి కంప్యూటరు ఎట్ల వస్తాది సార్? టీసీ ఇచ్చేయండి, ఇంగ్లీషు బడిలో వేస్తాము" అంటాడు. బళ్ళారి సీమలో తెలుగు మాధ్యమం బడుల్లో పనిచేసినవారందరికీ ఈ మాట పరిచయమే. చాలా ఏండ్లు నేను దీనికి జవాబు చెప్పలేక సంతకం చేసి కాగితం చేతికిచ్చినాను. భాషాభిమానం గురించి ఉపన్యాసం ఇవ్వవచ్చును. కాని బిడ్డ బ్రతుకు గురించి అడిగినవానికి అభిమానం జవాబు కాదు. జవాబు ఎక్కడ దొరికినదో చెప్పడానికే ఈ వ్యాసం. అది దొరికినది వ్యాకరణ పాఠంలో, ఎన్నికల విధిలో.

మనం ముట్టుకున్న యంత్రం

మన ఉపాధ్యాయులలో ఎన్నికల విధికి పోనివారు అరుదు. ముందురోజు సాయంత్రానికి ఏదో పల్లెబడికి చేరుతాము. పెట్టెలు దింపుకుంటాము, ముద్రలు సరిచూచుకుంటాము. మరునాడు తెల్లవారుజామునే పార్టీల ఏజెంట్ల ఎదుట నమూనా పోలింగు జరుపుతాము. మన చేతిలో నియంత్రణ యూనిట్టు, అట్ట మరుగున ఓటు యూనిట్టు. అధికారి "బ్యాలట్" అనే మీట నొక్కితే ఓటు యూనిట్టు మీద పచ్చదీపం వెలుగుతుంది, అధికారి వద్ద ఎర్రదీపం వెలుగుతుంది. ఓటరు ఒక గుర్తుకు ఎదురుగా ఉన్న మీట నొక్కితే ఆ గుర్తు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, కూత వినబడుతుంది, లెక్క ఒకటి పెరుగుతుంది. మొత్తం ఎంతయినదని అడిగితే చిన్న తెర మీద అంకె కనబడుతుంది.

దీపాలు, మీటలు, కూత, తెర. బయటికి కనబడేవి ఇవి. లోపల ఉన్నది ఒక చిన్న కంప్యూటరు. అక్షరం రాని అవ్వ కూడా మన పల్లెలో కంప్యూటరును ముట్టినది, అయితే అది కంప్యూటరని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవారము మనమే, మనకూ తెలియలేదు.

ఈ యంత్రం చరిత్ర మన రెండు రాష్ట్రాలదీ. 1977లో ఎన్నికల సంఘంలో ఈ ఆలోచన మొదలైనది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా మనమంతా ఇ.సి.ఐ.ఎల్. అని పిలిచే సంస్థ, 1979లో నమూనా తయారుచేసినది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధులకు దానిని చూపినారు. తరువాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఈ పనిలో చేరినది. ఈనాటికీ ఓటు యంత్రాలు తయారుచేసేది ఈ రెండు ప్రభుత్వ సంస్థలే. హైదరాబాదుకు, బెంగుళూరుకు నడుమ ఉన్న బళ్ళారి పిల్లవాడు ఈ మాట గర్వంగా చెప్పుకోవచ్చును.

ఇ.సి.ఐ.ఎల్. 1967లో పుట్టినది. దానిని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించినవారు. హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్ అనే పేట వారి పేరుమీదనే ఉన్నది. ఆ సంస్థ 1969లోనే టి.డి.సి.-12 అనే కంప్యూటరును స్వదేశంలో తయారుచేసినది. మన తరంవారికి గుర్తున్న ఇ.సి. టీవీ కూడా అక్కడిదే.

యంత్రం పుట్టినంత సులువుగా వాడుకలోకి రాలేదు. 1982 మే 19న కేరళలోని పరూర్ శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో తొలిసారి వాడినారు. చట్టంలో చోటు లేకుండా యంత్రంతో ఓటు వేయించడం చెల్లదని 1984 మార్చి 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ కేంద్రాలలో కాగితం మీద మళ్ళీ ఓటు వేయించవలసి వచ్చినది. 1988 డిసెంబరులో చట్టాన్ని సవరించినారు. ఆ సవరణ 1989 మార్చి 15 నుండి అమలులోకి వచ్చినది. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో కలిపి 16 శాసనసభ స్థానాలలో యంత్రాలు వాడినారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా 543 స్థానాలలోనూ అవే. దీపం, మీట, తెర కలిపి ఒక యంత్రం చేయడానికి రెండేండ్లు పట్టినది. దానికి జనం అంగీకారం, చట్టం అంగీకారం రావడానికి ఇరవైయైదేండ్లు పట్టినది. పిల్లలకు ఈ రెండు లెక్కలూ చెప్పాలి.

ఒంటిగది ఇల్లు

ఇక ఆ పెట్టెలోని చిన్న కంప్యూటరు సంగతి. దానిని మైక్రో కంట్రోలర్ అంటారు. పెద్ద కంప్యూటరులో లెక్కలు చేసే చిప్పు వేరు, జ్ఞాపకం వేరు, లోపలికి బయటికి పోయే దారులు వేరు. మైక్రో కంట్రోలరులో ఇవన్నీ ఒకే చిప్పులో ఇమిడి ఉంటాయి. వంట, గాదె, పడక, వాకిలి అన్నీ ఒకే గదిలో సర్దుకున్న పేదయిల్లు వంటిదని మా పిల్లలకు చెబుతాను. వారికి వెంటనే అర్థమవుతుంది. అటువంటి ఇళ్ళలోనే వారు పెరుగుతున్నారు.

దీనికి ముందు మెట్టు 1971లో పడినది. జపానులో బిజికామ్ అనే లెక్కల యంత్రాల సంస్థ తన యంత్రానికి చిప్పులు కావాలని అమెరికాలోని ఇంటెల్ సంస్థను అడిగినది. ఆ పనిలోనుండి 4004 అనే మైక్రో ప్రాసెసర్ వచ్చినది. అందులో 2,300 ట్రాన్సిస్టర్లు. దాని రూపకల్పనలో ఇంటెల్ వారితో పాటు జపాను ఇంజనీరు మసతోషి షిమా, ఇటలీలో పుట్టిన ఫెడెరికో ఫాజిన్ పాలుపంచుకున్నారు. అమెరికాలోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ టి.ఎం.ఎస్. 1000 పేరుతో అన్నీ ఒకే చిప్పులో ఉన్నదానిని 1974లో అమ్మకానికి పెట్టినది. 1978లో అదే సంస్థ పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగు నేర్పే మాట్లాడే బొమ్మ "స్పీక్ అండ్ స్పెల్"ను తెచ్చినది. గమనించండి, ఈ చిన్న చిప్పులు పుట్టిన నాలుగేండ్లకే ఒక దేశం వాటిని తన పిల్లలకు తన భాష నేర్పడానికి వాడుకున్నది.

ఇంటెల్ 1976లో 8048ను, 1980లో 8051ను తెచ్చినది. ఈ 8051 మన దేశపు పాలిటెక్నిక్కులలో, ఇంజనీరింగు కళాశాలలలో ఒక తరం విద్యార్థులకు పెద్దబాలశిక్ష అయినది. అందులో ప్రోగ్రాము ఉంచడానికి 4 కిలోబైట్ల చోటు, పని చేసుకోవడానికి 128 బైట్ల చోటు, బయటి లోకంతో మాట్లాడడానికి 32 దారులు ఉండేవి. ఆ రోజుల్లో ప్రోగ్రాము మార్చడం సులువు కాదు. ఒక రకం జ్ఞాపక చిప్పు నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. దాని మీద అతినీలలోహిత కాంతిని ఇరవై నిమిషాల పాటు పడనిస్తే పాతరాత చెరిగేది. అప్పుడు కొత్తది రాయాలి. ఒక్క తప్పుకు ఇరవై నిమిషాల శిక్ష. అటువంటి పలక మీద పిల్లలకు ఓనమాలు దిద్దించలేము.

1990లలో విద్యుత్తుతోనే చెరిపి మరల రాసుకునే చిప్పులు చవకగా వచ్చినవి. అప్పుడే నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఇద్దరు విద్యార్థులు, ఆల్ఫ్ ఎగిల్ బోగెన్, వెగార్డ్ వోలన్, ఎ.వి.ఆర్. అనే కొత్త నమూనాను రూపొందించినారు. అట్మెల్ సంస్థ దానిని చిప్పులుగా తెచ్చినది. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఒక రూపకల్పన విద్యాసంస్థలో మాసిమో బాంజీ, ఆయన సహచరులు ఆ ఎ.వి.ఆర్. చిప్పును ఒక నీలిపలక మీద కూర్చి, బొమ్మలు వేసుకునే విద్యార్థులు కూడా వాడగలిగేట్టు చేసినారు. దానికి ముందు 2003లో కొలంబియా దేశపు విద్యార్థి హెర్నాండో బరగాన్ అక్కడే చేసిన "వైరింగ్" అనే పని దీనికి పునాది. ఆ పలకకు ఆర్డుయినో అని పేరు పెట్టినారు. అది ఇవ్రియాలో వారు కూర్చునే ఒక పానశాల పేరు. ఆ పానశాలకు ఆ పేరు వెయ్యేండ్ల నాటి స్థానిక రాజు నుండి వచ్చినది.

ఈ కథలో జపానువారు ఉన్నారు, ఇటలీవారు ఉన్నారు, నార్వేవారు ఉన్నారు, కొలంబియావారు ఉన్నారు. వీరిలో ఎవరికీ ఇంగ్లీషు మాతృభాష కాదు. నేర్చుకున్నారు, వాడుకున్నారు. కాని బడిలో మొదటి ఆలోచనలను తమ తల్లి భాషలోనే అలవరచుకున్నారు. తమ ఊరి రాజు పేరునే ప్రపంచానికంతకూ పలికించినారు. టీసీ కోసం వచ్చిన తండ్రికి నేను మొదట చెప్పేది ఇదే.

మన గడ్డ సంగతి

మన బళ్ళారికి కూడా ఇటువంటి ధైర్యం ఒకప్పుడు ఉండేది. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఈ ఊళ్ళోనే సరస వినోదిని సభను నడిపినారు. బళ్ళారి రాఘవ గారు ఈ ఊరి పేరును తన పేరుకు ముందు నిలుపుకుని నటించినారు. రంగస్థలమనే కొత్త ప్రక్రియ వచ్చినప్పుడు, ఇది తెలుగులో కుదరదని వారు అనుకోలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినవి. బళ్ళారి సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో చేరినవి. ఆ నిర్ణయం మంచిచెడ్డల చర్చ ఇక్కడ అక్కరలేదు. అది ముగిసిన కథ. కన్నడం మన రాష్ట్ర భాష, మన పొరుగింటి భాష, మన పిల్లలు దానిని చక్కగా నేర్వాలి. అయితే 1956లో ఏడవ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరినది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారం. మన బడి నిలబడి ఉన్నది ఆ వాక్యం మీద. కాని చట్టం బడిని తెరిచి ఉంచగలదే గాని, బల్లల మీద పిల్లలను కూర్చోబెట్టలేదు. తెలుగులో చదివితే కొత్త విద్యలు రావని తల్లిదండ్రులు నమ్మిననాడు, ఎవరూ మూయకుండానే బడి మూతపడుతుంది.

వ్యాకరణ పాఠంలో ప్రోగ్రాము

మా బడిలో విజ్ఞానశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకనాడు ఆర్డుయినో పలక తెచ్చి బల్ల మీద పెట్టినాడు. కొన్ని వందల రూపాయలకు దొరికినదన్నాడు. పిల్లలకు ఇంగ్లీషులో ఉన్న పుస్తకం చూసి చెప్పబోయి ఆగిపోయినాడు. ఆ పుటలో బొమ్మ చూసినాను. మొదట ఒక పని, దాని తరువాత ఇంకొకటి. ఇది జరిగితే అది చెయ్యి. ఈ పని చేస్తూ ఉండు. నేను ముప్పై ఏండ్లుగా చెబుతున్న పాఠమే అది!

మన బాలురకు ఏడవ, ఎనిమిదవ తరగతులలో అసమాపక క్రియలు చెబుతాము. "బడికి వచ్చి, సంచి పెట్టి, ప్రార్థనకు పోయినాడు" అంటే క్త్వార్థకం. పనులు ఒకదాని తరువాత ఒకటి జరుగుతాయి. "వానలు కురిస్తే పంటలు పండుతాయి" అంటే చేదర్థకం. ఒకటి జరిగితేనే రెండవది జరుగుతుంది. "పాడుతూ నడిచినది" అంటే శత్రర్థకం. పని సాగుతూ ఉంటుంది. 1966లో ఇటలీకి చెందిన కొరాడో బోమ్, జుసెప్పె యాకోపిని అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి నిరూపించినారు. కంప్యూటరు చేయగల ఏ లెక్కనైనా మూడు అమరికలతో రాయవచ్చును: వరుస, షరతు, ఆవృత్తి. వరుసకు మన క్త్వార్థకం ఉన్నది. షరతుకు చేదర్థకం ఉన్నది. ఆవృత్తికి శత్రర్థకం సరిగ్గా సరిపోదు, ఒక "ఉండు" తోడు కావాలి. "చేస్తూ ఉండు" అంటే సరిపోతుంది. ఈ తేడాను పిల్లలతో చర్చించడమే ఒక మంచి పాఠం.

మొదటి పాఠం దీపం. ఆర్డుయినో పలక మీదనే 13వ దారికి ఒక చిన్న దీపం అతికించి ఉంటుంది. ప్రోగ్రాములో రెండు భాగాలు. "సెటప్" అనేది ఒక్కసారి చేసేది, "లూప్" అనేది చేస్తూ ఉండేది. మా పిల్లలు నోటుపుస్తకంలో ముందు తెలుగులో రాసినారు: "దీపం వెలిగించి, ఒక సెకను ఆగి, దీపం ఆర్పి, ఒక సెకను ఆగుతూ ఉండు." తరువాతనే ఒక్కొక్క క్రియకు ఎదురుగా ఇంగ్లీషు ఆదేశం రాసుకున్నారు. ఈ స్థాయికి కావలసిన ఇంగ్లీషు మాటలు పదో, పన్నెండో. మన బిడ్డ వాటిని ఒక పూటలో నేర్చుకోగలడు. ఆలోచనను అరువు తెచ్చుకోనక్కరలేదు.

బయట ఎల్.ఇ.డి. దీపం పెట్టేటప్పుడు పొడుగు కాలు ధన ధ్రువం వైపు ఉండాలి, నడుమ 220 ఓముల నిరోధకం పెట్టాలి. తుంగభద్ర కాలువకు తూము ఎందుకని అడిగితే పిల్లలే చెబుతారు. తూము లేకుంటే పొలం కొట్టుకుపోతుంది. పలక ఇచ్చేది 5 వోల్టులు, ఎర్రదీపం తీసుకునేది సుమారు 2. మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే సుమారు 14 మిల్లీ ఆంపియర్లు. దీపానికి అది సరిపడే నీరు.

రెండవ పాఠం మీట. "మీట నొక్కితే దీపం వెలిగించు." ఇది అచ్చమైన చేదర్థకం. ఇక్కడ పిల్లలకు రెండు వింతలు ఎదురైనవి. దేనికీ కలపకుండా వదిలిన తీగ ఒకసారి అవునని, ఒకసారి కాదని చెబుతుంది. కాబట్టి మీట నొక్కనప్పుడు దాని సమాధానం ఏమిటో ఒక నిరోధకం ద్వారా ముందే కట్టివేయాలి. మౌనం అర్ధాంగీకారం అనే సామెత యంత్రం దగ్గర పనికిరాదు. రెండవ వింత ఇంకా పెద్దది. మీటను ఒక్కసారి నొక్కితే లెక్క మూడో నాలుగో పెరిగినది. లోపలి రేకులు కలిసేటప్పుడు నేలమీద పడిన రూపాయి బిళ్ళలాగా కొన్ని మిల్లీ సెకన్లు ఎగిరి పడతాయి. మన కంటికి అది కనబడదు. సెకనుకు ఒక కోటి అరవై లక్షల స్పందనలతో నడిచే చిప్పుకు ప్రతి ఎగురూ కనబడుతుంది.

దీనికి మందు ఏమిటని పిల్లలను అడిగినాను. చాలాసేపు ఆలోచించి ఒక బాలిక బోర్డు మీద రాసినది: "ఒకసారి నొక్కిన తరువాత యాభై మిల్లీ సెకన్లలో మళ్ళీ నొక్కినా లెక్కించవద్దు." తరగతి అంతా నా వైపు చూసినది. "నొక్కితే" అన్నది చేదర్థకం, "నొక్కినా" అన్నది అప్యర్థకం. ఒక్క అక్షరం మారినది, అర్థం తిరగబడినది. కారణం ఉన్నా ఫలితం కలగకపోవడం అప్యర్థకం. యంత్రానికి పని నేర్పేది చేదర్థకమైతే, దానికి నమ్మకం నేర్పేది అప్యర్థకం.

అప్పుడు నాకు పోలింగు కేంద్రం గుర్తుకు వచ్చినది. ఓటరు ఒకసారి మీట నొక్కిన తరువాత మరల ఎన్నిసార్లు నొక్కినా రెండవ ఓటు పడదు. అధికారి మళ్ళీ తన మీట నొక్కితేనే యంత్రం తెరుచుకుంటుంది. రెండు మీటలు ఒకసారి నొక్కినా రెండు ఓట్లు పడవు. ప్రజాస్వామ్యం అనే పెద్దమాట ఆ పెట్టెలో కొన్ని చేదర్థకాలుగా, కొన్ని అప్యర్థకాలుగా ఉన్నది. ఈ మాట చెప్పిననాడు పిల్లలు ఎన్నికల విధి గురించి నన్ను అడిగినన్ని ప్రశ్నలు మరెన్నడూ అడగలేదు.

మూడవ పాఠం సెన్సర్లు. జ్ఞానేంద్రియాలు, కర్మేంద్రియాలు అని మన పిల్లలకు ముందే తెలుసును. సెన్సరు జ్ఞానేంద్రియం, దీపమూ కూతా కర్మేంద్రియాలు, ప్రోగ్రాము మనస్సు. ఎల్.ఎం. 35 అనే మూడుకాళ్ళ సెన్సరు ప్రతి సెల్సియస్ డిగ్రీకి 10 మిల్లీ వోల్టులు ఇస్తుంది. ఆర్డుయినో 5 వోల్టులను 1024 మెట్లుగా చూస్తుంది, అనగా మెట్టుకు సుమారు 4.9 మిల్లీ వోల్టులు. బళ్ళారిలో వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలంటే 400 మిల్లీ వోల్టులు, అనగా సుమారు 82వ మెట్టు. పిల్లలు ముందు లెక్కవేసి, తరువాత సెన్సరును కిటికీ దగ్గర పెట్టి చూసినారు. తమ లెక్క ప్రకారం అంకె వచ్చినప్పుడు వారి ముఖాలలో కనిపించిన వెలుగు ముందు ఆ ఎల్.ఇ.డి. దీపం ఏపాటిది!

తెలుగు రాని తెర

నాలుగవ పాఠం తెర. ఇక్కడ మాత్రం నా మనసు చివుక్కుమన్నది.

బజారులో దొరికే చవక తెరలో రెండు వరసలు, వరసకు పదహారు గళ్ళు. ఒక్కొక్క గడిలో అడ్డం 5, నిలువు 8, మొత్తం 40 చుక్కలు. దానిని నడిపే చిప్పు జపానులోని హిటాచి సంస్థ 1980లలో తెచ్చిన హెచ్.డి. 44780, లేదా దాని పోలిక. ఆ చిప్పులో ఇంగ్లీషు అక్షరాలు ముందే ఉన్నవి. వాటితో పాటు జపాను వారి కతకన అక్షరాలు కూడా ఉన్నవి! బళ్ళారి బడిలో ఉన్న తెరకు జపాను అక్షరాలు వచ్చును, తెలుగు రాదు. ఎందుకు? దానిని చేసినవారు తమ లిపికి చోటు వదులుకున్నారు. ఎవరిమీదా ఫిర్యాదు లేదు. యంత్రం చేసేవాడు తన భాషకు చోటు పెట్టుకుంటాడు, కొనుక్కునేవాడు ఉన్నదానితో సర్దుకుంటాడు. ఇంతే న్యాయం.

ఆ చిప్పులో మనం స్వయంగా గీసుకునే అక్షరాలకు ఎనిమిది చోట్లు మాత్రం ఉన్నవి. పిల్లలు గళ్ళ కాగితం మీద ప్రయత్నించినారు. "గ", "ర" కుదిరినవి. "ళ్ళా" దగ్గర ఓడిపోయినారు. తలకట్టు, దీర్ఘం, కింద ఒత్తు, ఇవన్నీ 40 చుక్కలలో ఇమడలేదు. మన ఊరి పేరే ఆ తెర మీద నిలవలేదు.

కంప్యూటరు లోకంలో తెలుగుకు చోటు లేక కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినారు. ఆ వెంటనే పక్క 128 స్థానాలు కన్నడానివి. అక్కడ కూడా మన రెండు భాషలూ గోడ కలిసిన ఇళ్ళే! "తెలుగు" అనే మాటకు యూనికోడులో ఆరు గుర్తులు, వాడుకలో ఉన్న పద్ధతిలో గుర్తుకు 3 బైట్ల చొప్పున 18 బైట్లు. దాచడం కష్టం కాదు. ఆ గుర్తులను కలిపి గుణింతంగా, ఒత్తుగా చూపడమే కష్టం. ఆ పని ఫోను చేయగలదు. 2 కిలోబైట్ల పనిచోటు ఉన్న చిన్న పలకకు అది భారం.

అందుచేత పిల్లలు వేరే దారి పట్టినారు. 128 అడ్డం, 64 నిలువు చుక్కలుండే చిన్న బొమ్మల తెర ఒకటి దొరుకుతుంది. అందులో మొత్తం 8,192 చుక్కలు, అనగా 1 కిలోబైటు. అక్షరాన్ని అడ్డం 16, నిలువు 16 చుక్కల బొమ్మగా గళ్ళ కాగితం మీద గీయాలి. నిండిన గడికి 1, ఖాళీ గడికి 0. అక్షరానికి 256 చుక్కలు, 32 బైట్లు. నాలుగు రోజులు ఆ పిల్లలు ఒత్తులను, కొమ్ములను కొలిచి కొలిచి గీసినారు. నేను ఎన్ని చూచిరాతలు రాయించినా కుదరని అక్షర సౌష్ఠవం ఆ నాలుగు రోజులలో కుదిరినది. ఐదవ రోజు ఆ తెర మీద "బళ్ళారి" అని నీలంగా వెలిగినది. కింద ఎండ ఎన్ని డిగ్రీలో అంకె. ఒక బాలుడు ఇంటికి పరుగెత్తి తండ్రిని పిలుచుకొచ్చినాడు.

మనం చేయవలసినది

ఇంగ్లీషు అక్కరలేదని నేను అనడం లేదు. పై చదువులకు, చిప్పుల వివరాల పుస్తకాలకు ఇంగ్లీషు కావాలి. దానిని మన బడిలో భాషగా బాగా నేర్పవలసినదే, అందులో మన లోపాలు ఉన్నవి, దిద్దుకోవాలి. నేను అనేది ఒక్కటే. ఆలోచన ఒక పని, ఆదేశం రాయడం ఇంకొక పని. పదకొండేండ్ల బిడ్డకు రెండు బరువులూ ఒకేసారి ఎత్తితే రెండూ జారిపోతాయి.

2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం మొదలైనది. ఆరు నుండి పన్నెండవ తరగతి వరకు ఉన్న బడులకు దాని కింద 20 లక్షల రూపాయల దాకా సాయం అందించినారు. ఆ వసతి ఉన్న బడులు దానిని అల్మారాలో దాచక వాడాలి. లేనివారు ఒక పలక, పది దీపాలు, నాలుగు మీటలతో మొదలుపెట్టవచ్చును. తెలుగు ఉపాధ్యాయులు దీనిని పరాయి పాఠమని తప్పుకోవద్దు. విజ్ఞానం చెప్పేవారి పక్కన కూర్చుని "ఇది చేదర్థకం, ఇది అప్యర్థకం" అని చెప్పగలిగేది మనమే. పిల్లలు ప్రోగ్రాములో రెండు వాలుగీతల తరువాత వివరణను తెలుగులోనే రాయనివ్వండి. యంత్రం దానిని చదవదు, మరునాడు ఆ బిడ్డ చదువుకుంటాడు.

తెర చూడడానికి వచ్చిన ఆ తండ్రి మాట చెప్పి ముగిస్తాను. ఆయన రెండు వారాల ముందే టీసీ అడిగి పోయినవాడు. తెర వైపు చాలాసేపు చూసి, "ఇది మావాడే రాసినాడా సార్?" అన్నాడు. అవునన్నాను. "తెలుగులోనా?" అన్నాడు. కొడుకే నోటుపుస్తకం తెరిచి చూపించినాడు. ఆయన టీసీ మాట ఎత్తలేదు. వచ్చే ఏడు ఎత్తుతాడేమో, నాకు తెలియదు. ఎత్తినా సరే, ఈసారి నా దగ్గర జవాబు ఉన్నది.

సెలవు.